నోటీసులో ‘బయటి మనిషి’ ఎవరు?

ఈ మధ్య విజయనగరంలో ఒక ఇంటికి వెళ్ళాను. రెండు గదుల అద్దె ఇల్లు. అందులో ఉండే ఆవిడ కుట్టుమిషన్ మీద బతుకుతోంది. తాపీపనికి హైదరాబాదు వెళ్ళిన భర్త రెండేళ్ళుగా రాలేదు. అద్దె నెలనెలా ఆమే కడుతోంది. అత్తవారింట్లో దెబ్బలు తాళలేక కూతురు చంటిబిడ్డతో వచ్చేసి మూడు నెలలుగా ఆమె దగ్గరే ఉంది. ఇంతలో రిజిస్టరు పోస్టులో లాయరు నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా ఇతరులను ఉంచారనీ, ఇంట్లో కొంతభాగం సబ్‌లెట్ చేశారనీ, 15 రోజుల్లో ఖాళీ చేయాలనీ దాని సారాంశం.

“నా కడుపున పుట్టిన గుంట బయటి మనిసి ఎలాగవుద్దమ్మా?” అని అడిగిందావిడ. నోటీసు మొత్తం చదివాను. అది భర్త పేరున ఉంది. కూతురి ప్రస్తావన ‘ఇతరులు’ అన్న మాటలో ఉంది. అద్దె కడుతున్న ఆవిడ పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. ఉత్తరాంధ్ర వలసల ప్రాంతం. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్తారు. కూలీలు విశాఖకూ హైదరాబాదుకూ పోతారు. ఇంటి ఒప్పందం, అది నోటిమాటే అయినా, వెళ్ళిపోయిన మగవాడి పేరు మీదే ఉండిపోతుంది. ఇల్లు నడిపేది స్త్రీ, కాగితం మీద కిరాయిదారు పురుషుడు. కూతురో, విధవరాలైన చెల్లెలో వచ్చి చేరితే ఆమె ‘అనధికార వ్యక్తి’. అదే కొడుకు పెళ్ళిచేసుకుని కోడలిని తెచ్చుకుంటే ఎవరూ నోటీసు పంపరు. ఎవరు కుటుంబం, ఎవరు బయటివారు అన్నది ఇక్కడ చట్టం కన్నా ముందు పితృస్వామ్యమే తేలుస్తోంది.

చట్టం నిజానికి ఏమంటోంది? మన అద్దె చట్టం ప్రకారం యజమాని రాతపూర్వక సమ్మతి లేకుండా సబ్‌లెట్ చేయడం ఇల్లు ఖాళీ చేయించడానికి ఒక కారణమే. అయితే సబ్‌లెట్ అంటే ఆ భాగాన్ని పూర్తిగా మరొకరి స్వాధీనానికి వదిలేయడం. కిరాయిదారు కాని మనిషి అక్కడ కనిపించినంత మాత్రాన సబ్‌లెట్ జరిగిందని అనుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1984లోనే, జగదీష్ ప్రసాద్ వర్సెస్ అంగూరీ దేవి కేసులో చెప్పింది. కన్నకూతురు తల్లి దగ్గర తలదాచుకోవడం సబ్‌లెట్ ఎలా అవుతుంది? పైగా లాయరు నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. 15 రోజులు గడిచాక సామాను బయట పడేసే అధికారం యజమానికి రాదు. ఆయన కోర్టుకు వెళ్ళాల్సిందే.

మరి పేరు లేని ఆ తల్లి మాటేమిటి? 2005లో బి.పి. అచలా ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్ననే ఎదుర్కొంది. భర్త వదిలి వెళ్ళిపోయినా భార్య అదే అద్దె ఇంట్లో ఉంటుంటే, కేసును అతను పట్టించుకోనప్పుడు, అతను చెప్పుకోగల వాదనలన్నీ ఆమె చెప్పుకోవచ్చని అన్నది. అద్దె బాధ్యత కూడా ఆమెదే. విడాకులయ్యాక మాత్రం ఆ హక్కు దానంతటది నిలవదు. అదే ఏడాది వచ్చిన గృహహింస చట్టం ‘ఉమ్మడి గృహం’లో అద్దె ఇంటిని కూడా చేర్చింది. వేరే వసతి చూపించమని, లేదా అద్దె కట్టమని హింసించినవాడిని కోర్టు ఆదేశించవచ్చు. అంటే ఆ కూతురు కూడా హక్కులేని మనిషి కాదు.

యజమానుల భయాలు నాకు తెలియనివి కావు. ఒక్క వాటా అద్దె మీదే బతికే విధవలు మన ఊళ్ళలో ఉన్నారు. వచ్చినవాళ్ళు కదలరేమోనన్న బెంగ, నీళ్ళూ కరెంటూ సరిపోవన్న ఇబ్బంది నిజమే. దానికి అదనపు ఖర్చు మాట్లాడుకోవచ్చు, గడువు అడగవచ్చు. ‘బయటి మనిషి’ అన్న ముద్ర అక్కర్లేదు.

మేము జవాబు రాసి రిజిస్టరు చేశాం. కానీ అది చేరేలోగానే ఆ అమ్మాయి బిడ్డనెత్తుకుని అత్తవారింటికి వెళ్ళిపోయింది. తన వల్ల అమ్మకు నీడ లేకుండా పోకూడదనుకుందట. కేసూ లేదు, విచారణా లేదు. ఒక్క కాగితం ఆమెను మళ్ళీ ఆ దెబ్బల మధ్యకు పంపేసింది. మన ఆడవాళ్ళకు నోటీసే తీర్పయిపోతోంది.

అందుకే సంఘాలుగా మనం పట్టించుకోవలసిన పనులున్నాయి. అద్దె ఒప్పందంలో భార్య పేరు కూడా రాయించాలి. అద్దె ఎవరు కడితే రసీదు వాళ్ళ పేరునే తీసుకోవాలి. నోటీసు వస్తే భయపడి ఇల్లు వదలకుండా ముందు జవాబివ్వాలి. ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు ఉచిత న్యాయసహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు, జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగాలి.

ఆ తల్లి ఇంకా అదే ఇంట్లో ఉంది. ఖాళీ చేయించింది కూతుర్ని మాత్రమే. యజమాని మళ్ళీ ఏమీ అనలేదట. ఆ నిశ్శబ్దాన్ని మనం సమస్య తీరిపోవడంగా లెక్కించుకుందామా?