ఈ మధ్య మేము చదివిన నవలలు

విశ్వాసులు నవలలు చదువవచ్చునా అని కొందరు పెద్దలు అడుగుచుంటారు. 1678లో వెలువడిన బన్యన్ గారి 'యాత్రికుని ప్రయాణము' మన ఇండ్లలో బైబిలు ప్రక్కనే ఉంటుంది. అదియు కల్పించిన కథయే గదా! కనుక ఏది చదువవలెనన్నదే అసలు ప్రశ్న.

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము ఉన్నది. 1891లో ఆసఫియా గ్రంథాలయముగా మొదలైనది ఇదే. ఉస్మానియా ఆసుపత్రికి రోగులను తీసుకొని వచ్చే మన పల్లె కుటుంబములకు ఆ వీధి తెలిసినదే. అక్కడ కూర్చుని చదివిన వాటి గురించి మాకు తోచినది వ్రాస్తున్నాము.

గోపీచంద్ గారి 'అసమర్థుని జీవయాత్ర' చిన్న నవల. సీతారామారావు తన పతనానికి లోకాన్నంతటినీ తప్పుపట్టి, చివరకు తనను తానే నాశనము చేసికొనును. రచన గొప్పదే. గాని దిగులుతో ఉన్న యౌవనస్థుల చేతికి మేమైతే ఇవ్వము.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' 1922లో వచ్చింది. బన్యన్ గారి వలె ఉన్నవ వారు కూడ చెరసాలలో ఉండి వ్రాసినదే. నాటి మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించింది. మాల కుటుంబములోని రామదాసును కథకు కేంద్రముగా నిలబెట్టుట ఆ దినములలో ఎంత సాహసమో ఆలోచించండి. అతని కుమారుడు సంగదాసు భూస్వామి చేతిలో మరణించే ఘట్టము చదివి కొంతసేపు పేజీ త్రిప్పలేకపోయాము. అయితే పాత్రలు కొన్ని చోట్ల మాటలు మాని ఉపన్యాసములు చేయును. ఆ పని ప్రసంగీకులకు వదలివేస్తే బాగుండును!

మమ్మును నిద్రపోనీయనిది జి. కళ్యాణరావు గారి 'అంటరాని వసంతం' (2000). ముసలితనములో రూతు జ్ఞాపకము చేసికొనే కథ ఇది. ఎన్నెలదిన్నెలో పాటలు కట్టి ఆడిన ఎల్లన్న, అతని భార్య సుభద్ర, కరువులో ఊరు విడిచిన వారి కుమారుడు శివయ్య. ఆ శివయ్యే తరువాత సీమోను అయ్యాడు. పేరు మారింది, దేవుడు మారాడు, గాని కులము మాత్రము గుడి లోపలికి కూడ వెంట వచ్చింది. ఈ మాట మన పత్రికలలో ఎవరు వ్రాశారు? మన సంఘ చరిత్రలలో మిషనెరీల పేర్లు, గుడి కట్టిన సంవత్సరములు ఉంటాయి. బాప్తిస్మము పొందిన వారి ఆకలి, పాట, వారు విడిచిన ఊరు కనబడవు. అవి ఈ నవలలో కనబడినవి.

చివరి తరము ఆయుధము పట్టే దారితో మేము ఏకీభవించము. కొందరు సంఘ పెద్దలకు ఈ పుస్తకము కోపము తెప్పించును. అయినను యౌవనస్థుల కూటములో దీనిని చదివించవలెనని మా అభిప్రాయము. కోపము వచ్చినవారు, తమ సంఘములో పెండ్లి సంబంధములు ఏ కులము చూచి కుదురుచున్నవో ముందు చెప్పవలెను.

మీ ఇంట మొదట బాప్తిస్మము పొందినవారి పాత పేరేమిటో అవ్వలను, తాతలను అడిగి వ్రాసికొనండి.

దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్ళు' సగములో ఉన్నది. నిజాము కాలపు గడీలలో నలిగినవారి గురించి వచ్చే నెల.