జీలుగ సంచి ఎవరి పేర?

వానాకాలంలో బాసర స్నానఘట్టాల దగ్గర గోదావరిని చూశారా? ఎండాకాలంలో తేటగా ఉన్న నీరు ఆషాఢం వచ్చేసరికి చిక్కటి మట్టిరంగుకు తిరుగుతుంది. దోసిట పట్టి వదిలితే వేళ్ళ సందున సన్నని ఒండ్రు మిగులుతుంది. కొత్తనీరు వచ్చిందని మనం సంతోషిస్తాం. కాని ఆ రంగు ఎక్కడిది? ఎగువన ఎవరి చేలోనో నిన్నటిదాకా ఉన్న పైమట్టి అది.

ఆ మట్టి మాయమైపోదు. బాసరకు దిగువన పోచంపాడు వద్ద శ్రీరాంసాగర్ జలాశయం ఉన్నది. 1963 జూలై 26న నెహ్రూ దానికి శంకుస్థాపన చేశారు. మొదట దాని సామర్థ్యం 112 టి.ఎం.సి.లు. ఒక టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. పూడిక చేరి చేరి ఇప్పుడు దాదాపు 80 టి.ఎం.సి.లుగా లెక్కిస్తున్నారు. ఎగువ చేను పోగొట్టుకున్న మట్టి, దిగువ చేనుకు పారవలసిన నీటి చోటును ఆక్రమించిందన్న మాట.

రెండు రేకు పళ్ళేలలో మట్టి నింపండి. ఒకదానిపై గడ్డి పరచి, రెండోది అలాగే వదలండి. రెంటినీ కొంచెం వాలుగా పెట్టి, చిల్లుల డబ్బాతో నీళ్ళు పోయండి. కిందికి జారిన నీటిని రెండు గ్లాసుల్లో పట్టండి. ఏ గ్లాసులో మట్టి ఎక్కువో నేను చెప్పనక్కరలేదు.

చేనులో ఆ గడ్డి చేసే పనినే జీలుగ, జనుము, పిల్లిపెసర చేస్తాయి. తొలకరి వానలప్పుడు నేలను కప్పి ఉంచుతాయి. వాటి వేళ్ళ బుడిపెలలో ఉండే రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. పూత దశలో, అంటే సుమారు 45 రోజులకు, నేలలో కలియదున్నితే కుళ్ళి, మట్టి రేణువులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచుతుంది. అందుకే ప్రభుత్వం ఈ విత్తనాలను రాయితీ ధరకు ఇస్తున్నది. మంచి పని. అయితే రాయితీకి పట్టాదారు పాసుపుస్తకం చూపాలి. నా అభ్యంతరం ఇక్కడే.

పచ్చిరొట్ట ఎరువుల పాఠం చెబుతూ, "మీ చేలో జీలుగ వేశారా?" అని తరగతిలో అడిగాను. "అది కౌలు చేను సార్, వచ్చే ఏడు మాకిస్తరో ఇయ్యరో" అన్నాడొక అబ్బాయి. అతని తండ్రి తెలివితక్కువవాడు కాడు. పచ్చిరొట్ట ఫలితం ఒక్క పంటతో తీరదు, ఏళ్ళ తరబడి నేలలో చేరుతుంది. కౌలు మాత్రం ఏడాదికి, అదీ నోటిమాట. మేలు పొందేది మరొకరైతే డబ్బు, నెలన్నర కాలం ఎవరు పెడతారు?

ఇది మన ఊరి చిక్కే కాదు. అమెరికాలో 1933లో పత్తి ధర నిలబెట్టడానికి, సాగు తగ్గించిన రైతులకు ప్రభుత్వం డబ్బిచ్చింది. ఆ సొమ్ము ఎక్కువగా భూస్వాములకే చేరింది. చాలామంది పాలుకు చేసేవారిని వెళ్ళగొట్టారు. 1934లో అర్కాన్సాలో కౌలుదారులు సంఘం పెట్టుకున్నది అందుకే. తర్వాత దుమ్ము తుపానులు ముంచెత్తాక, 1936లో నేలను కాపాడే పైర్లకు డబ్బిచ్చే చట్టం వచ్చింది.

మన ఉమ్మడి రాష్ట్రంలోనూ 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం చేశారు. కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వాలన్నారు. కాగితం మీద పేరు ఎక్కితే భూమి చేయిజారుతుందని యజమానులు జంకుతారు. ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. పదెకరాల ఆసామికే కాదు, రెండెకరాల ముసలమ్మకూ అది ఉంటుంది.

అందుకే రాయితీలో సగాన్ని విత్తనాల సంచిపై ఇవ్వాలి. మిగిలిన సగాన్ని జీలుగ కలియదున్నిన నాడు, దున్నినవారి చేతికి ఇవ్వాలి. మూడేళ్ళ కౌలుకు ఒప్పుకున్న యజమానికీ కొంత ఇవ్వవచ్చు. అప్పుడు ఇద్దరికీ నేల మీద ఆశ ఉంటుంది.

ఈ తొలకరికి మీ ఊళ్ళో అడిగి చూడండి: జీలుగ సంచి ఎవరి పేర వచ్చింది, చేలో చల్లిందెవరు? రెండు పేర్లూ పక్కపక్కన రాసి, మీ సైన్సు మాస్టారుకు చూపించండి.