యంత్రానికి జమాఖర్చు, మనిషికి మందలింపు

రక్షణ పరికరాలు అడిగినప్పుడల్లా “అవి ఇస్తే సిబ్బందిలో జాగ్రత్త తగ్గుతుంది” అనే జవాబు చర్చల బల్ల వద్ద మేము ఏళ్ల తరబడి వింటున్నాము. ఈ వాదం రైల్వేలోనో తపాలా శాఖలోనో పుట్టినది కాదు. దీని వయస్సు నూరేళ్లు దాటినది.

1910లో అమెరికా సైన్యానికి ఉన్నది ఒకే విమానం. దానిని నడిపే లెఫ్టినెంట్ బెంజమిన్ ఫులోయ్‌కు పెట్రోలు, మరమ్మతుల నిమిత్తం ప్రభుత్వం ఇచ్చినది 150 డాలర్లు. చాలని సొమ్ము అతడు సొంత జేబులోనుంచి పెట్టుకున్నాడు. కూర్చునే చోటు కింది రెక్క అంచు మీద. చుట్టూ గోడ లేదు, కాళ్ల ముందు శూన్యం. కుదుపులకు జారిపడబోయిన ఆ మనిషి గుర్రపు జీనులు కుట్టే పనివాని చేత తోలుపట్టీ చేయించి నడుముకు బిగించుకున్నాడు. సైనిక విమానానికి రక్షణ పట్టీ వచ్చిన దారి ఇది: నడిపేవాని బుద్ధి, చర్మకారుని చేతిపని.

1915 మే 10న బ్రిటిష్ పైలట్ లూయీ స్ట్రేంజ్ ఇరుక్కుపోయిన తుపాకి గుళ్లపెట్టెను ఊడదీయడానికి లేచి నిలబడగా నడుము పట్టీ జారినది, విమానం తలకిందులైనది. తిట్టుకుంటూ లాగిన ఆ గుళ్లపెట్టెనే పట్టుకుని ఆకాశంలో వేలాడి, కాళ్లతో తన్నుకుంటూ తిరిగి లోపలికి చేరినాడు. బ్రతికి వచ్చినవానికి దక్కినదేమి? ఆసనాన్ని, మీటర్లను అనవసరంగా పాడు చేసినందుకు పై అధికారి మందలింపు! ఛార్జిషీటు ఎరిగిన మన పాఠకులకు ఇది వింతగా తోచదు.

ఇక రైల్వేవారు తప్పక తెలుసుకోవలసిన పేరు ఎవరార్డ్ కాల్‌త్రాప్. 1897లో ప్రారంభమైన మన బార్సీ లైట్ రైల్వేను నిర్మించిన ఇంజనీరు ఈయనే. 1910లో మిత్రుడు చార్లెస్ రోల్స్ విమాన ప్రమాదంలో మరణించిన పిదప కాల్‌త్రాప్ ‘గార్డియన్ ఏంజెల్’ అనే పారాచూట్‌ను తయారు చేసినాడు. బెలూన్లలోని పరిశీలకులకు పారాచూట్లు ఇచ్చినారు. గూఢచారులను శత్రుభూమిలో దించడానికి కాల్‌త్రాప్ పారాచూట్‌నే వాడినారు. విమానం నడిపే పైలట్లకు మాత్రం యుద్ధం ముగిసేవరకు సాధారణ సామగ్రిగా ఇవ్వలేదు. బరువెక్కువ, చోటు చాలదు అన్న అభ్యంతరంలో కొంత నిజమున్నది, కాదనము. కాని జర్మన్ పైలట్లు 1918లో వాటిని కట్టుకునే ఎగిరినారు. అసలు గుబులు వేరు: పారాచూట్ ఉంటే పైలట్ యంత్రాన్ని వదలి ముందే దూకుతాడట! ప్రాణాలొడ్డి పోరాడుతున్నవాని మీద ఆఫీసు కుర్చీలలోని వారికి కలిగిన అనుమానమిది.

పట్టాల మీద గ్యాంగ్‌మన్‌కు హెచ్చరిక పరికరం కోరినా, వానలో తిరిగే పోస్టుమన్‌కు మంచి కోటు కోరినా ఈ అనుమానమే ఎదురు వస్తున్నది. ఇకమీదట ఏ అధికారి నోట ఈ మాట వచ్చినా, దానిని సంతకంతో వ్రాసి ఇవ్వమని అడిగి, ఆ కాగితాన్ని కేంద్ర కార్యాలయానికి పంపవలసిందిగా శాఖలన్నింటినీ కోరుతున్నాము.