బోల్టు బిగించేది మనం, బిల్లు వాళ్ళది

షట్‌డౌన్ పని ముగించుకొని వచ్చిన తమ్ముడొకడు మొన్న మా దగ్గర కూచుని గంటసేపు మాట్లాడాడు. ఐటీఐ ఎలక్ట్రీషియన్. ఊళ్ళో పెద్దోళ్ళకి మాత్రం అతనింకా ఫలానా మాదిగోడి కొడుకే. విశాఖ, పారాదీప్, జామ్‌నగర్, ఎక్కడ రిఫైనరీ ఆపి మరమ్మతు చేస్తే అక్కడికి రైలెక్కుతాడు. ఆ ఊళ్ళలో అద్దెగది అడిగితే ముందు పేరడుగుతారు, ఆ వెంటనే ఇంటిపేరు.

అతనిది మామూలు వైరింగు కాదు. గ్యాసు, పెట్రోలు ఆవిరి ఉండే చోట చేసే పని. అక్కడ వాడే స్విచ్చుపెట్టెని ఫ్లేమ్‌ప్రూఫ్ అంటారు. అంటే లోపల నిప్పు పుట్టదని కాదు. పుడుతుంది, పేలుతుంది కూడా. పెట్టె మాత్రం పగలదు. మూత అంచుల మధ్య సన్నటి సందులోంచి వచ్చేలోగా మంట చల్లారిపోతుంది, బయటి ఆవిరి అంటుకోదు. అందుకే ఒక్క బోల్టు తగ్గినా, అంచు మీద గీత పడినా, కేబులు దూరే గ్లాండు తేడా వచ్చినా అది ఉత్త ఇనప డబ్బా. దాని మీద టీ6 అని ఉంటే పెట్టె ఒళ్ళు 85 డిగ్రీలు దాటి వేడెక్కకూడదు. ఇదంతా తమ్ముడు వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు.

ఈ శిక్షణకి అమ్మ డ్వాక్రా అప్పు తెచ్చి కట్టింది. సర్టిఫికెట్టు వచ్చింది. ఆ కాగితం చూపించే కాంట్రాక్టరు కంపెనీ దగ్గర టెక్నీషియన్ రేటుకి బిల్లు చేసుకుంటాడు. రిజిస్టర్లో మాత్రం తమ్ముడు హెల్పరు! కూలీ హెల్పరుదే. ఒకసారి పన్నెండు బోల్టుల మూతకి అయిదు బిగించి మూసెయ్యమన్నాడు సూపర్వైజరు, టైమైపోతోందని. మూయనన్నాడు మనవాడు. మర్నాడు గేటుపాసు లేదు. అసలు సర్టిఫికెట్టేమో కాంట్రాక్టరు బీరువాలో!

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీలో సాల్వెంటు ఆవిరి అంటుకొని 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా. రెండు చోట్లా కుటుంబాలకి కోటి చొప్పున అన్నారు. బతికుండగా హెల్పరు కూలి, చచ్చాక కోటి. ఇదేం లెక్క?

సర్కారు కంపెనీలో పర్మనెంటు ఉద్యోగానికి రిజర్వేషన్ ఉంది. అదే పని కాంట్రాక్టరు చేతిలో పెడితే రిజర్వేషన్ ఎగిరిపోతుంది. 1942 నుంచి 46 దాకా వైస్రాయి కౌన్సిల్లో బాబాసాహెబ్ చూసింది కార్మికశాఖ. దేశానికి కరెంటు ఎలా అందించాలన్న పనీ ఆయన బల్ల మీదే నడిచింది. ఏప్రిల్ 14న దండలేసే మన సంఘాలు ఈ సంగతి పట్టించుకోలేదు. మేమూ పట్టించుకోలేదు, ఒప్పుకుంటున్నాం.

ప్రతి వాడలో ఐటీఐ చదివిన పిల్లల పేర్లు రాయండి. అసలు సర్టిఫికెట్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దనండి, జిరాక్సు చాలు. జీతం చీటీలో హెల్పరని ఉందో ఎలక్ట్రీషియనని ఉందో చూసి మాకు పంపండి. తమ్ముడు ఆదివారం మళ్ళీ బండెక్కుతున్నాడు. తనతో వచ్చే నలుగురి కాగితాలూ జిరాక్సు తీయించి మా బీరువాలో పెట్టాడు.