మూడో అమృతం

మేము ఏడో తరగతిలో ఉన్న రోజుల్లో, ఆదివారం రాత్రి వీధిలోని చెప్పులన్నీ కేబుల్ ఉన్న ఇంటి గుమ్మం ముందే ఉండేవి. జెమిని టీవీలో 'అమృతం' వచ్చే వేళ అది. గుణ్ణం గంగరాజు గారు నిర్మించిన ఆ హాస్య ధారావాహిక 2001 నవంబరులో మొదలై 2007 దాకా సాగింది. అంటే మీలో ఎవరూ పుట్టకముందే అయిపోయిందన్నమాట. అయినా ఇప్పటికీ మన తెలుగువాళ్ల ఫోన్లలో అది ఆగలేదు.

కథ చిన్నదే. అమృతం, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు 'అమృత విలాస్' అనే హోటల్ నడుపుతుంటారు. వారం వారం త్వరగా డబ్బు చేసుకోవడానికి ఒక ఉపాయం పన్నుతారు, అది బెడిసికొడుతుంది. అంతే.

మేము చెప్పాలనుకున్నది అమృతం వేషం గురించి. ఆ వేషం ముగ్గురి చేతులు మారింది. మొదట శివాజీరాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు, ఇంటి యజమాని అప్పాజీగా శివన్నారాయణ, సర్వర్ సర్వంగా వాసు ఇంటూరి మాత్రం పాతవాళ్లే. అందరికీ అందరూ తెలిసిన చోటికి, జనం అప్పటికే ఇష్టపడిన ఇద్దరి తర్వాత, హర్షవర్ధన్ వచ్చి కూర్చోవాలి. సంవత్సరం మధ్యలో కొత్త క్లాసులో చేరిన మీకు ఇది వేరే చెప్పాలా? ఎవరో ఖాళీ చేసిన బెంచీ, మీకు తెలియని పాత జోకులు.

మా ఇంట్లోనూ అదే జరిగింది. "ఇతనేం అమృతం?" అంది అమ్మ. నాలుగు వారాల తర్వాత ఆ మాట ఎవరూ అనలేదు. (శివాజీరాజానే అసలు అమృతం అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లతో మాకు పేచీ లేదు.)

హర్షవర్ధన్ ముందువాళ్లను అనుకరించలేదు. ఆయన అమృతం ఎంత తెలివితక్కువ ఉపాయాన్నైనా మహా గంభీరంగా నమ్ముతాడు. తాను నవ్వించడానికి ఉన్నానని అతనికి తెలియదు, అందుకే నవ్వొస్తుంది. ఆయన నటుడే కాదు, రచయిత కూడా. ఆ ధారావాహికలోనే కొన్ని భాగాలకు రచన, దర్శకత్వం చేశారు. తర్వాత 'గుండె జారి గల్లంతయ్యిందే' (2013), 'మనం' (2014) సినిమాలకు మాటలు రాశారు. 2020 ఉగాదికి 'అమృతం ద్వితీయం' వచ్చినప్పుడు అమృతం మళ్లీ ఆయనే. ఆంజనేయులుగా ఎల్.బి. శ్రీరామ్ వచ్చారు. ఆయనా మాటలు రాస్తూ నటుడైనవారే. ఒక మాట నోట్లో ఎక్కడ తడబడుతుందో నటుడికి తెలుస్తుంది. ఆ నటుడే రాస్తే, తడబడే మాట కాగితం మీదికే రాదు.

మన తెలుగు క్లాసుకు కావలసింది ఇదేనని మా అభిప్రాయం. రుఆబాంధాలో చేరిన మొదటి నెలలో ఎనిమిదో తరగతి వాళ్లకు 'అమృతం' ఒక భాగం చూపించాము. ఒక బాబు ప్రతిసారీ అందరికన్నా ఆలస్యంగా నవ్వాడు. పక్కవాడు హిందీలో చెప్పాక నవ్వుతున్నాడన్నమాట. తాతగారిది శ్రీకాకుళం జిల్లా, స్టీల్ ప్లాంటులో పని చేసి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగు వింటాడు. పద్యం అప్పజెప్పమంటే తప్పు లేకుండా అప్పజెబుతాడు. కానీ "సార్, బస్ ఛూటిపోయింది" అంటాడు. పద్యం కంఠస్థం చేయవచ్చు. జోకుకు నవ్వాలంటే మాత్రం భాష లోపల ఉండాలి.

"తెలుగు పీరియడ్‌లో టీవీ ఏమిటండీ?" అని ఒక తల్లి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే రెండోసారి చూపించలేదు, రాయమన్నాము. అమృత విలాస్ వాళ్లు రుఆబాంధాలో శాఖ తెరిస్తే ఏమవుతుంది? ఒక షరతు: ఎవరు రాసిన మాట వాళ్లే నిలబడి పలకాలి. తిప్పలు అక్కడే మొదలయ్యాయి. నోట్సులో ఘనంగా ఉన్న వాక్యాలు నోటికొచ్చేసరికి విరిగిపోయాయి. కొట్టేశారు, మళ్లీ రాశారు. "పొరబడితిని" అని రాసిన అమ్మాయి మూడోసారికి "అయ్యో, నేనే తప్పు చేశానండీ" దగ్గరికి వచ్చింది. మేము ఎర్ర సిరా తీయనే లేదు.

ఆలస్యంగా నవ్వే బాబు సర్వర్ వేషం తీసుకున్నాడు. హోటల్లో పొద్దున్న పోహా తప్ప ఏమీ ఉండదు. ఒకాయన వచ్చి ఇడ్లీ కావాలంటాడు. వీడు భుజం మీద తువ్వాలు సర్దుకుని చెప్పాలి:

"ఇడ్లీ నిన్ననే రిలీవ్ అయిందండీ. దోసె ఇంకా జాయిన్ కాలేదు."

ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లు చూసిన ఇళ్ల పిల్లలు కదా, క్లాసంతా ఒక్కసారే నవ్వింది. వాడు మాత్రం మొదటి రెండుసార్లు ఆ మాట పూర్తి చేయలేకపోయాడు. సగంలోనే వాడికే నవ్వొచ్చేసింది.