హాయిగా ఉంటే సంగీతం కాదా?

వినడానికి హాయిగా ఉన్న సంగీతమంటే మనలో కొందరు మేధావులకు ఎందుకో చిన్నచూపు. "అది లిఫ్టుల్లో వేసుకునే పాటరా!" అని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. అమెరికాలో స్మూత్ జాజ్ అనే వ్యాపార సంగీతానికి పట్టిన గతి ఇదే. కెన్నీ జీ శాక్సఫోన్ ఆల్బమ్ 'బ్రెత్‌లెస్' 1992లో వచ్చి కోటికి పైగా అమ్ముడుపోయింది. జాజ్ పండితులు మాత్రం పెదవి విరిచారు. అంత దూరం ఎందుకు, మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ 1995లో చేసిన 'డ్రీమ్' గురించి మా హాస్టల్లోనూ ఈ మాటే పడింది. "అంతటి విద్వాంసుడు, తెల్లవాళ్ళ కోసం ఇంత మెత్తగా వాయించాడేందబ్బా" అని ఒక సీనియర్ అన్న చప్పరించాడు. ఆయన మీద గౌరవం ఉంచుకొనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఉప్పలపు శ్రీనివాస్ 1969లో పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ రాదు. ఆయన పాడితే విని ఈ పిలకాయ వాయించేవాడు! 1978లో గుడివాడలో తొలి కచేరీ. 1983 నాటికి బెర్లిన్ జాజ్ ఉత్సవం. జాజ్ శ్రోతలు ఆయన్ని చెవులారా విన్నది అప్పుడే, అదీ శుద్ధ కర్ణాటక సంగీతం. తర్వాత ఇంగ్లండులోని రియల్ వరల్డ్ కంపెనీ 1994లో ఆయన శాస్త్రీయ వాదనతో 'రామ శ్రీరామ' వెలువరించింది. మరుసటేడు అదే కంపెనీ నుంచి, కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన 'డ్రీమ్' వచ్చింది. అనగా ఈ మనిషి శాస్త్రీయం చేతకాక మెత్తని బాట పట్టినవాడు కాదు.

ఇక్కడ నా ఫిజిక్సు కాస్త పనికొస్తుంది. మీటిన తీగ శబ్దం పుట్టిన మరుక్షణం నుంచే చావడం మొదలుపెడుతుంది. మాండలిన్ తీగ పొట్టిది గనక ఇంకా తొందరగా చస్తుంది. అందుకే పాశ్చాత్యులు దాన్ని గబగబా మీటుతూనే ఉంటారు. కానీ మన గమకానికి అది చాలదు. ఒక్కసారి మీటి, ఆ నాదం బతికుండగానే వేలితో లాగి, ఊపి, పక్క స్వరానికి జార్చాలి. పైగా మామూలు మాండలిన్‌కు నాలుగు జంటలు, ఎనిమిది తీగలు. శ్రీనివాస్ జంటలు తీసేసి ఒంటి తీగలు పెట్టుకున్నాడు, అయిదు తీగల విద్యుత్ మాండలిన్ పట్టుకున్నాడు. కరెంటు లేకపోతే ఆ చేతి గమకం మన చెవిదాకా వచ్చేదే కాదు. "ఎలక్ట్రిక్ మోతతో సంప్రదాయం చెడింది" అనేవారు ఈ సంగతి కొంచెం ఆలోచించాలి.

ఇక బ్రూక్ సంగతి. ఆయన 'ఇన్ఫినిట్ గిటార్' తయారుచేసిన మనిషి. తీగ కంపనాన్ని పట్టి, తిరిగి ఆ తీగకే శక్తిగా అందించి, స్వరాన్ని ఎంతసేపంటే అంతసేపు నిలబెట్టే ఉపాయం అది. చూశారా చమత్కారం! ఒకరిది క్షణంలో చచ్చే నాదాన్ని గమకంతో బతికించుకొనే విద్య, ఇంకొకరిది అసలు చావే లేని నాదం. మన తంబూరా చేసే పనిని ఆయన యంత్రంతో విశాలం చేశాడు, దాని మీద మాండలిన్ తీరిగ్గా నడిచింది. అందరూ మెత్తదనం అంటున్నది ఈ జాగానే. నా మట్టుకు అది బలహీనత కాదు, ఆ ఆల్బమ్‌లోని అసలు ఆలోచన.

అన్నీ బాగున్నాయని అనను. కృతికి ఉన్న పల్లవి, అనుపల్లవి, చరణం అనే దారి ఇందులో లేదు. కొన్నిచోట్ల ఎక్కడికి పోతున్నామో తెలియదు, ఉత్త అగరొత్తుల పొగలా ఉంటుంది. అయినా ఇది దొంగ సరుకు కాదు. 1999లో కెన్నీ జీ, 1971లోనే కన్నుమూసిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాట మీద తన శాక్సఫోన్ అతికించి విడుదల చేశాడు. మరుసటేడు గిటారిస్టు పాట్ మెథెనీ దాన్ని నిప్పులు కక్కుతూ ఖండించాడు. ఆయన కోపం న్యాయమే అనిపిస్తుంది నాకు. చనిపోయినవాడు బదులు పలకలేడు గదా! 'డ్రీమ్'లో ఆ ఇబ్బంది లేదు. అప్పటికి ఇద్దరూ బతికున్నవాళ్ళే, ఒకరి మాటకు ఒకరు జవాబిచ్చుకున్నారు.

"శ్రద్ధగా వినక్కర్లేని సంగీతం" అన్నది ఇంకో నింద. మా చిట్టమూరు మండలంలో మల్లాం సుబ్రమణ్యస్వామి గుడి ఉంది. అక్కడ నాదస్వరం మోగేటప్పుడు ఎవరు కాళ్ళు ముడుచుకొని, కళ్ళు మూసుకొని వింటారు? ఆడవాళ్ళు గాజులు బేరమాడుతుంటారు, పిలకాయలు బూరలు ఊదుతుంటారు. అంతమాత్రాన అది తక్కువ సంగీతమా? నాట్లేసేటప్పుడు మా అమ్మావాళ్ళు పాడే పాటను మడిలో నిలబడి విన్నవాళ్ళెవరూ లేరు, వంగి నాటేవాళ్ళే విన్నారు. పరీక్షల ముందు అర్ధరాత్రి సెల్‌ఫోన్‌లో 'డ్రీమ్' పెట్టుకొని లెక్కలు చేసే మా రూమ్మేటు ఆ కోవలోనివాడే. ఒకసారి లెక్క ఆపి, "ఆ జారుడు మళ్ళీ వెయ్‌రా" అన్నాడు. సంగీతం ఓనమాలు రానివాడికి గమకం పట్టుబడిందంటే ఆ రికార్డు ఏదో చేసినట్టే.

ఈ గొడవంతా ఎందుకంటే, మన పోటీల నిబంధనల్లో వాద్యసంగీతానికి "విద్యుత్ వాద్యాలు అనుమతించబడవు" అని ఒక వాక్యం ఉంది. ఈ ఏడు కీబోర్డు నేర్చిన ఇద్దరు ఫస్టియర్ పిలకాయలు పేరివ్వడానికి వచ్చి ఊరికే వెనక్కి పోయారు. ఆ లెక్కన శ్రీనివాస్ మన కాలేజీలో చదివుంటే ఆయనా వెనక్కి పోవాల్సిందే! వచ్చే ఏడు యూనియన్ వారు ఆ వాక్యం కొట్టేయాలని కోరుతున్నాను. కొట్టేసే ముందు సందేహం ఉంటే 'రామ శ్రీరామ' ఒకసారి, దాని వెంటనే 'డ్రీమ్' ఒకసారి వినండి. హెడ్‌ఫోన్లు మా గదిలో ఉన్నాయి, ఇస్తాం.