చక్కెర దిగినను చెరగని గురుతు

1994లో రొయ్యలకు రోగము సోకి పాడుపడిన చెరువులను నెల్లూరు తీరమున చూచినవారెరుగుదురు: ఉప్పునీటిని తోడివేసినంత మాత్రమున ఆ నేల వెంటనే వరికి లొంగదు. మధుమేహము కంటి రెటీనాకు చేయు అపకారమును గూర్చి శాస్త్రజ్ఞులు కనుగొన్న సంగతిని ఈ తీరవాసులకు ఇంతకంటె సులభముగా చెప్పజాలను.

1983 మొదలు 1993 వరకు అమెరికా, కెనడాలలో 1441 మంది మొదటి తరగతి మధుమేహ రోగులపై ఒక పరీక్ష జరిగెను. కొందరి చక్కెరను గట్టిగా అదుపుచేసి, తక్కినవారికి నాటి వాడుక చికిత్సనే కొనసాగించిరి. పరీక్ష ముగిసి, ఇరువర్గముల చక్కెరయు ఇంచుమించు ఒక్కస్థాయికి చేరిన పిమ్మట సైతము, మునుపు అదుపులో నున్నవారి కన్నులే ఏండ్లతరబడి మేలుగా నుండెను.

దీనికి హేతువును నేడు ఎపిజెనెటిక్ మార్పులలో వెదకుచున్నారు. అధికమైన చక్కెర జన్యువుల అక్షరక్రమము జోలికి పోకయే, వానిపై మిథైల్ అను రసాయన గురుతులను చేర్చియో తొలగించియో, డి.ఎన్.ఎ. చుట్టుకొనియుండు హిస్టోనులను మార్చియో, ఏ జన్యువు పనిచేయవలెనో ఏది మౌనము వహింపవలెనో తారుమారు చేయును. డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయమున రేణు కౌలూరు బృందము ఎలుకలపై జరిపిన పరిశోధనలలో, చక్కెర అదుపునకు వచ్చిన తరువాతను, కణములను కాపాడు ఎంజైము జన్యువు అణగియే యుండుటయు, రెటీనా రక్తనాళములను చెరచు ఎమ్.ఎమ్.పి.-9 అను ఎంజైము చురుకుగానే యుండుటయు కనబడినవి.

మరి ఆ గురుతులను చెరపు మందులు లేవా? క్యాన్సరు వైద్యమున కలవు. అమెరికాలో 2004లో అనుమతి పొందిన అజాసిటిడిన్ అట్టిదే. కాని అది కంటిలోని చెడుగురుతునే ఏరి తీయునది కాదు; దేహమంతట తన పని తాను చేసికొనిపోవును. జీవితాంతము మందు మ్రింగవలసిన షుగరు రోగికి అట్టిదానినిచ్చుట దుస్సాహసమే. ప్రయోగశాలల కృషి గౌరవింపదగినదే యైనను, నేడు వైద్యుని చేతనున్న లేజరు, కంటిలో వేయు సూదిమందు, శస్త్రచికిత్స యన్నవి వ్యాధి ముదిరిన పిమ్మటి ఉపాయములు.

కావున మందు వచ్చువరకు వేచియుండుటకంటె గురుతు పడకముందే మేలుకొనుట యుక్తమని నా వాదము. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు ప్రాంతములలో చూపు మసకబారినవాడు "శుక్లమేలే, క్యాంపు పెట్టినప్పుడు చూపించుకుందాం" అని ఊరకుండును. రెటీనా జబ్బు తొలిదశలో నొప్పి యెరుగదు గనుక అతనిని తప్పుపట్టజాలము. రాత్రంతయు చెరువుగట్టున ఏరేటర్లకు కాపలా కాచినవాడు, వేటనుండి అప్పుడే ఒడ్డుచేరినవాడు, నెల్లూరికి పోయి కంట చుక్కలు వేయించుకొని ఆ పూట పని చెడగొట్టుకొనునని ఆశించుట పట్టణవాసుల అమాయకత్వము. రెండవ తరగతి మధుమేహము బయటపడునప్పటికే కొన్నియేండ్లు గడచియుండవచ్చును. అందుచేతనే, తెలిసిననాడే కన్నును పరీక్షింపవలెనని వైద్యశాస్త్రము విధించుచున్నది. తీరమండలముల ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు రెటీనాను ఫోటో తీయు ఫండస్ కెమెరా ఒక్కొక్కటి నిచ్చినచో, కంటివైద్యుడు లేకున్నను శిక్షణ పొందిన టెక్నీషియను ఫోటో తీసి పెద్దాసుపత్రికి పంపవచ్చును. శుక్లాల శిబిరములకు ధారాళముగా చందాలిచ్చు దాతలు, వచ్చే యేడాది అందులో కొంత ఈ కెమెరాలకు మళ్లింతురేని జిల్లా అధికారులకును అడ్డుచెప్పుటకు సాకుండదు.